పలకని కౌజును ఇక పిలవొద్దు

ముందు నా తప్పు చెప్పుకుంటాను. ఈ వ్యాసంలో నేను తప్పుపట్టబోయే వాళ్ల లిస్టులో మొదటి పేరు నాదే.

పోయిన ఏప్రిల్‌లో మా నేచర్ క్లబ్ వాళ్లం ఐదుగురం పొద్దున ఆరింటికే కాలేజీ వెనక గోడ దాటాం. ఆ జాగా మీలో చాలామందికి తెలుసు. ఒక పక్క ఫ్యాక్టరీ గోడ, ఇంకో పక్క ప్లాట్లు చేసి రాళ్లు పాతిన వెంచర్, మధ్యలో సర్కారు తుమ్మ, ఎండిన గడ్డి. హైవే మీద లారీల మోత ఆగనే ఆగదు. ఫెస్ట్‌లో ఫొటో పోటీ ఉంది. క్యాంపస్ చుట్టుపక్కల పక్షి అయి ఉండాలి, స్పష్టంగా కనిపించాలి. మాకు కావలసింది కౌజు. దాని అరుపు హాస్టల్ కిటికీలోంచి రోజూ వింటున్నాం గానీ, మనిషిని మాత్రం దగ్గరికి రానివ్వదు.

తుమ్మల్లోంచి రెండుసార్లు కూసింది. తర్వాత గప్‌చుప్. నేను బ్లూటూత్ స్పీకర్ తీసి ఒక బండ మీద పెట్టి, ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న మగ కౌజు కూత వేశాను. వెంటనే జవాబు వచ్చింది. మళ్లీ వేశాను. ఈసారి రాలేదు. "వాల్యూం పెంచురా" అన్నాడు మావాడొకడు. పెంచాను. లేదు. స్పీకర్ జాగా మార్చాం. లేదు. ఆడపక్షి కూత వేశాం. లేదు. నలభై నిమిషాల తర్వాత గడ్డిలోంచి ఒక్కసారిగా ఉరికి వచ్చింది. మెడ నిక్కబొడుచుకుని, స్పీకర్‌కు రెండడుగుల దూరంలో నిలబడి, దాని చుట్టూ తిరిగింది. ఐదు కెమెరాలూ క్లిక్‌మన్నాయి. ఆ ఫొటోకు ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. క్లబ్ పేజీలో ఇప్పటికీ పైన పిన్ చేసి ఉంది.

వారం తర్వాత ఒక్కణ్ణే వెళ్లాను. ఆ బండకు పది అడుగుల దూరంలో, గడ్డి కుదురు కింద, నేల మీద చిన్న గుంట. చుట్టూ పగిలిన గుడ్డు పెంకులు. కాకి తిన్నదో, ముంగిస తిన్నదో, కుక్క తొక్కిందో తెలియదు. మా వల్లే జరిగిందని రుజువు చేయమంటే చేయలేను. ఆ రోజు నలభై నిమిషాల పాటు మగపిట్ట మా స్పీకర్‌తో కొట్లాటకు సిద్ధమవుతూ ఉంది. మేం ఐదుగురం బూట్లతో ఆ గుంట చుట్టూ తిరిగాం. ఇంతవరకు మాత్రం ఖాయంగా తెలుసు.

ఈ వ్యాసం అందుకే. పలకని పిట్టను స్పీకర్ పెట్టి పిలవడం మన క్లబ్ మానేయాలన్నది నా వాదన.

మొదట పేరు సంగతి తేల్చుకుందాం. హోటళ్లలో, ఫారాల్లో కౌజు పిట్ట అని అమ్మేది జపనీస్ క్వెయిల్. నేను చెప్పేది అది కాదు. గ్రే ఫ్రాంకోలిన్, మన దగ్గర ఉర్దూ మాట్లాడేవాళ్లు తీతర్ అనే పక్షి. కోడిపిల్లకన్నా పెద్దది, నాటుకోడికన్నా చిన్నది. ఒళ్లంతా సన్నని చారలు. మగదాని కాలికి ముల్లు ఉంటుంది. ఎగరడం కన్నా పరుగెత్తడమే ఎక్కువ. పగలు నేల మీద చెదలు, గింజలు ఏరుకు తింటుంది, రాత్రి ముళ్లచెట్టు ఎక్కి పడుకుంటుంది. గూడు మాత్రం ఎక్కువగా నేల మీదే. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా గుడ్లు పెట్టే కాలం. సరిగ్గా మన ఫెస్టులు, సమ్మర్ బర్డ్ వాక్‌లు ఉండే కాలం కూడా అదే.

మే నెల సెలవుల్లో సదాశివపేట దిక్కు మా అమ్మమ్మ వాళ్ల ఊరికి పోయినప్పుడు ఆ ఫొటో తాతకు చూపించాను, మెచ్చుకుంటాడని. తాత ఫోన్ దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూసి, "ఎట్ల వచ్చింది గింత దగ్గరికి?" అన్నాడు. చెప్పాను. "ఎంతసేపు పిలిచిన్రు?" నలభై నిమిషాలు అన్నాను. ఫోన్ నా చేతికిచ్చేసి, "గంతసేపు పిలుస్తరారా ఎవలన్న?" అన్నాడు.

అప్పుడు తెలిసింది, మా తాత పడుచుతనంలో కౌజుల్ని పట్టేవాడని. ఊళ్లో చాలామంది పట్టేవాళ్లట. పాత తెలుగులో దీమం అని ఒక మాట ఉంది. వేటగాళ్లు మచ్చిక చేసి, తన జాతినే రప్పించడానికి ఎరగా వాడే జంతువును, పక్షిని అలా అంటారు. తాతకు ఆ మాట తెలియదు గానీ, పని తెలుసు. పెంచిన మగ కౌజును వెదురు పంజరంలో పెట్టి, గుడ్డ కప్పి, తెల్లారకముందే పొలం గట్టుకు తీసుకుపోయేవాడు. చుట్టూ ఉచ్చులు వేసి గుడ్డ తీస్తే అది కూసేది. ఆ జాగా నాదనుకునే అడవి పోతు కొట్లాటకు వచ్చి ఉచ్చులో కాలు పెట్టేది.

"మరి పలకకపోతే?" అని అడిగాను. నాకు కావలసిన సమాధానం అదే కదా.

తాత చెప్పింది ఆయన మాటల్లోనే: "పలుకుతలేదంటే లేదని గాదు బిడ్డా. ఉన్నది. ఇంటున్నది. ఇని ఊకున్నది. ఎందుకు ఊకున్నదో ఎరుకైతేనే పిలువాలె. మా పంజరం పోతు మూడుసార్లు కూసినంక అవుతలి నుంచి బదులు రాకుంటె గుడ్డ కప్పేస్తుంటి. జర్రసేపు కూసుండి చూస్తుంటి. రాకుంటె ఇంటికి. మల్ల నాలుగొద్దుల దాంక ఆ దిక్కు పోకపోతుంటి. ఊకె పిలిస్తె అది బిత్తరపోతది. ఒక్కసారి మోసం ఎరుకైన పిట్ట మల్ల జన్మల రాదు."

ఊకున్నదానికి ఆయన లెక్కలో కారణాలు నాలుగు. ఒకటి, పెంటి గుడ్ల మీద ఉంది, పోతు గూడు జాగా బయటపెట్టదు. రెండు, అది కుర్రపోతు, పంజరంలో కూసేది తనకన్నా బలమైనదనుకుని భయపడుతుంది. మూడు, పైన గద్ద తిరుగుతుంది. నాలుగు, ఇదివరకే ఎవరో పిలిచి మోసం చేశారు. నాలుగింటిలో ఏది నిజమైనా, ఇంకా గట్టిగా పిలవడం వల్ల మేలు జరగదు. ఆయన చదువుకోలేదు. కానీ మేం ఐదుగురం ఇంజినీరింగ్ పిల్లలం నలభై నిమిషాల్లో ఒక్కసారి కూడా వేసుకోని ప్రశ్న, "ఎందుకు ఊకున్నది?" అనేది, ఆయన వేసుకున్నాడు.

తాతను నేను ఇక్కడ హీరోను చేయడం లేదు. ఆయన పట్టిన కౌజులు కూరైపోయాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత అది నేరం, ఆ సంగతి ఊళ్లకు చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. నేను అంటున్నది ఒక్కటే. చంపడానికి పోయినవాడికి ఉన్న హద్దు ఫొటోకు పోయిన మాకు లేకపోయింది.

కాలేజీకి తిరిగి వచ్చాక ఈ 'పలకని మగజంతువు' సమస్య గురించి వెతికితే, ఒక పెద్ద ప్రపంచమే కనిపించింది. అమెరికాలో ఎల్క్ అనే జింకజాతి జంతువు ఉంది. మన సాంబర్ కన్నా పెద్దది, మగది మూడు వందల కిలోల పైమాటే. రాకీ పర్వతాల్లో సెప్టెంబర్ వచ్చిందంటే మగ ఎల్క్‌లు ఆడవాటి మందను కూడగట్టుకుని, సన్నాయి ఈల వేసినట్టు గట్టిగా అరుస్తాయి. దాన్ని బ్యూగుల్ అంటారు. వేటగాళ్లు అంగిట్లో రబ్బరు పొర ఉన్న చిన్న బిళ్ల పెట్టుకుని, చేతిలో గొట్టం పట్టుకుని అదే అరుపు అరుస్తారు. ఆడ ఎల్క్ మూలుగు కూడా చేస్తారు. అరిస్తే బదులిచ్చే మగదాన్ని రప్పించడం తేలికేనట. అసలు తలనొప్పి అంతా పలకనిదానితో. దాని మీద అక్కడ గంటలు గంటలు వీడియోలు ఉన్నాయి.

అవన్నీ చూసి నేను గమనించింది ఏంటంటే, ఆ వీడియోల్లోని పాతకాపులు చెప్పేది మా తాత చెప్పిందే. మంద ఉన్న మగది కొత్త సవాలు వినగానే కొట్లాటకు రాదు, తన ఆడవాటిని తోలుకుని లోయ అవతలికి పోతుంది. అరుపు పెరిగేకొద్దీ దూరం పెరుగుతుంది. చిన్న మగది దెబ్బలు తిని ఉంటుంది, సవాలు వింటే సప్పుడు చేయకుండా పక్కకు తప్పుకుంటుంది. వేటగాళ్ల తాకిడి ఎక్కువున్న చోట పెద్దవి నోరు మూసుకోవడం నేర్చుకుంటాయి. అందుకే వాళ్లు చెప్పే ఉపాయాలన్నీ తగ్గించే ఉపాయాలు. సవాలు అరుపు మానేయ్. మెల్లగా ఒక్క మూలుగు మూలిగి అరగంట ఊరుకో. నోరే వాడకుండా ఎండుకొమ్మతో చెట్టును గీకు, మగది కొమ్ములు రాసుకుంటున్నట్టు ఉంటుంది. గాలి నీ వైపు నుంచి దాని వైపు వీస్తుంటే అసలు పిలవనే వద్దు. నిశ్శబ్దంగా వచ్చి చూసిపోయేవే ఎక్కువ, కాబట్టి లేచి పోకముందు ఇంకాసేపు కూర్చో.

ఇందులో నాకు చాలా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. పెద్ద జంతువుల వేటలో అక్కడి చాలా రాష్ట్రాల్లో రికార్డు చేసిన అరుపు వాడకూడదు. వలస బాతుల వేటకైతే ఎలక్ట్రానిక్ పిలుపు దేశమంతటా, కొన్ని మినహాయింపులతో, నిషేధం. బతికున్న బాతును ఎరగా కట్టేయడాన్ని 1935లోనే ఆపేశారు. అంటే తుపాకీకి లైసెన్స్ ఇచ్చిన దేశం స్పీకర్‌కు ఇవ్వలేదు. ఎందుకో ఆలోచించండి. మనిషి నోటికి అలుపు ఉంటుంది. పంజరంలో కౌజుకు అలుపు ఉంటుంది, ఎండెక్కితే అది కూయదు. మెషీన్‌కు ఆ బాధ లేదు. లూప్‌లో పెడితే బ్యాటరీ అయిపోయేదాకా సవాలు విసురుతూనే ఉంటుంది. ఎదుట ఉన్న ప్రాణికి మాత్రం ప్రతి సవాలూ నిజమే.

పిలుపు ఎంత బలమైన ఆయుధమో జిమ్ కార్బెట్ కథ చెబుతుంది. 1938 నవంబర్‌లో కుమావూన్ కొండల్లో థాక్ అనే ఊరి దగ్గర, మనుషుల్ని చంపుతున్న ఆడపులి కోసం ఆయన చాలా రోజులు తిరిగాడు. మాటుకు చిక్కలేదు. చివరికి అది తోడు కోసం అరుస్తోందని గమనించి, మగపులిలా బదులిచ్చాడు. చీకటి పడేవేళ అది ఆ గొంతును వెతుక్కుంటూ వచ్చి తూటాకు ఎదురైంది. 1944లో వచ్చిన ఆయన పుస్తకంలో చివరి వేటకథ అదే. అక్కడ ఊళ్లకు ఊళ్లు భయంతో ఖాళీ అవుతున్నాయి కాబట్టి ఆ మోసానికి ఒక కారణం ఉంది. నా దగ్గర ఉన్న కారణం ఫస్ట్ ప్రైజ్.

ఇప్పుడు మన సబ్జెక్టులోకి వద్దాం. నేను ఈసీఈ కాబట్టి సిగ్నల్-టు-నాయిస్ రేషియో గుర్తుకు రాక తప్పదు. మన బెల్ట్‌లో పక్షి పలకకపోవడానికి తాత లెక్కలో లేని ఐదో కారణం ఒకటి ఉంది, మోత. పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు 1970ల నుంచి ఉన్నాయి. హైవే మోత, జనరేటర్లు, షిఫ్ట్ సైరన్లు, అర్ధరాత్రి ట్యాంకర్లు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో గ్రేట్ టిట్ అనే చిన్న పక్షి మీద 2003లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మోత ఎక్కువున్న వీధుల్లో ఆ పక్షి కింది స్థాయి స్వరాలు వదిలేసి పై స్థాయిలో పాడుతోందని తేలింది, ఎందుకంటే బండ్ల మోత కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఎక్కువ. అంటే మోత మధ్య బతికే పక్షి ఇప్పటికే తన మాట వినిపించడానికి కష్టపడుతోంది. అలాంటి చోట దొరికిన కాస్త నిశ్శబ్దంలో, తెల్లారుజామున ఆ అరగంటలో, మనం పోయి ఇంకో నాయిస్ సోర్స్ ఆన్ చేస్తున్నాం. అదీ దాని సొంత గొంతుతో, దాని సొంత ఇంటి ముందు.

"కొద్దిగా వినిపిస్తే ఏమవుతుంది?" అనే ప్రశ్నకూ కొంత జవాబు ఉంది. హారిస్, హాస్కెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఈక్వడార్ అడవుల్లో, బర్డ్ వాచర్లు చేసినట్టే రికార్డులు వినిపించి చూశారు. 2013లో ప్లోస్ వన్‌లో అచ్చయింది. రెండు జాతుల పక్షులూ స్పందించాయి, రికార్డు ఆగాక కూడా మామూలు కన్నా ఎక్కువగా అరిచాయి. వాటిలో ఒక జాతికి రోజూ వినిపిస్తూ పోతే, మొదట్లో గట్టిగా ఉన్న స్పందన కొన్నాళ్లకు తగ్గిపోయింది. ఇందులో రెండు సంగతులున్నాయి. లేని శత్రువు మీద అరిచే సమయం తిండి నుంచి, గూడు కాపలా నుంచి తీసినదే. ఇక అలవాటుపడి స్పందించడం మానేసిన పక్షి, రేపు నిజమైన పోటీదారు వచ్చినప్పుడు ఏం చేస్తుంది? 'నాన్నా పులి' కథ మనకు తెలుసు. ఆ కథలో అబద్ధమాడేవాడి స్థానంలో మన క్లబ్ ఉంది.

చట్టం సంగతి కూడా ఒకసారి చూద్దాం. వేట అంటే తుపాకీ, ఉచ్చు అనే అనుకుంటాం. 1972 చట్టంలో వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనం అంతకన్నా పెద్దది. చంపడం, పట్టడంతో పాటు తోలడం, ఎర వేయడం, వాటికి ప్రయత్నించడం కూడా వేటే. అడవి పక్షుల విషయంలో గుడ్లను, గూళ్లను చెదరగొట్టడం కూడా ఆ నిర్వచనంలోనే ఉంది. స్పీకర్ పెట్టిన ప్రతివాడూ నేరస్థుడని నేననను, నేను లాయర్ని కాదు. కానీ ఒక తేడా గమనించండి. పంజరం, ఉచ్చులతో పొలాల్లో దొరికిన పేదవాడిని పోలీసులకు పట్టిస్తాం. సంచార కులాలవాళ్లను పిట్టలోళ్లని పిలిచి అనుమానంగా చూస్తాం. అదే పిలుపు, అదే మోసం లక్ష రూపాయల లెన్స్‌తో చేస్తే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రఫీ అంటాం. మా ఊరి పండుగల్లో ఖాకీ డ్రెస్సు, కర్ర తుపాకీతో కోతలు కోసే పిట్టలదొర వేషం చూసి నవ్వుకునేవాళ్లం. ఆ రోజు గడ్డిలో మా ఐదుగురి క్యామఫ్లాజ్ టోపీలు తలుచుకుంటే నాకు పిట్టలదొరే గుర్తొస్తున్నాడు. ఆయన తుపాకీతో కనీసం ఎవరికీ నష్టం లేదు.

ఈ వాదన క్లబ్ గ్రూపులో పెడితే మూడు అభ్యంతరాలు వచ్చాయి. మూడూ న్యాయమైనవే, కాబట్టి ఇక్కడ కూడా జవాబు చెప్పాలి.

మొదటిది: శాస్త్రవేత్తలు కూడా రికార్డులు వాడతారు కదా. వాడతారు. గుడ్లగూబల్లాంటి కనిపించని పక్షుల్ని లెక్కపెట్టడానికి అదే దారి. కానీ వాళ్లు ఎన్ని సెకన్లు వినిపించాలి, ఎన్ని నిమిషాలు ఆగాలి, ఎన్నాళ్లకు ఒకసారి రావాలి అని ముందే రాసుకుని పోతారు. జవాబు రాకపోతే 'లేదు' అని కాదు, 'స్పందన లేదు' అని రాసుకుని లేచి పోతారు. మా దగ్గర అలాంటి కాగితం ఏదీ లేదు, వాల్యూం బటన్ ఉంది. అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ నియమావళి కూడా రికార్డుల వాడకం తగ్గించమని, ముఖ్యంగా జనం ఎక్కువగా వచ్చే చోట్ల తగ్గించమని చెబుతుంది.

రెండోది: ఫొటోలు లేకపోతే జూనియర్లకు ఆసక్తి ఎలా పుడుతుంది? దీనికి నా దగ్గర నా అనుభవం ఉంది. నాకు ఆసక్తి పుట్టింది ఫొటోతో కాదు. ఫస్ట్ ఇయర్‌లో ఇల్లు గుర్తొచ్చి నిద్ర పట్టని ఒక తెల్లవారుజామున హాస్టల్ కిటికీలోంచి వినిపించిన 'కతీతర్ కతీతర్' అనే అరుపుతో. అది ఏ పక్షో కనుక్కోవడానికే నాకు రెండు వారాలు పట్టింది. ఇప్పుడైతే మెర్లిన్ యాప్ క్షణంలో చెప్పేస్తుంది. 2005 నుంచి ప్రపంచం నలుమూలల అరుపుల్ని దాస్తున్న జీనో-కాంటో సైట్ ఉంది. ఇవి చెవికి బడులు. మనమే వీటిని ఎరలుగా మార్చాం. హెడ్‌ఫోన్స్‌లో వినండి, నేర్చుకోండి. బయటికి మాత్రం వినిపించొద్దు.

మూడోది అన్నింటికన్నా కష్టమైనది. ఒక జూనియర్ రాశాడు: "అన్నా, ఇంకో రెండేళ్లలో ఆ జాగా మొత్తం వెంచర్ అయిపోతుంది. జేసీబీ దున్నేసే గూటి కోసం నువ్వు స్పీకర్ ఆపమంటున్నావ్. నక్కవాగులో కలిసిన రసాయనాల ముందు నీ బ్లూటూత్ ఎంత?" నిజమే. దీనికి చాలాసేపు జవాబు దొరకలేదు. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి చేరిన చరిత్ర ముందు నా స్పీకర్ ఏ మూలకూ రాదు. కానీ అదే కారణం నన్ను ఇంకోవైపు ఆలోచింపజేసింది. ఇంత జరిగినా ఈ బెల్ట్‌లో ఇంకా ఏం మిగిలిందో చూడండి. పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్ పొలాలు, చెరువులు పక్షులకు దొరికిన ఆశ్రయం. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. సంగారెడ్డి దగ్గర మంజీర అభయారణ్యం 1978 నుంచి ఉంది, అక్కడ మొసళ్లూ ఉన్నాయి, చలికాలం వలస పక్షులూ వస్తాయి. మిగిలినవి ఇలాంటి ముక్కలే. ముక్క చిన్నదైన కొద్దీ దాని మీదికి వచ్చే కెమెరాలు ఎక్కువవుతాయి, ఒక్కో పక్షి ముందు ఒక్కో ఆదివారం పది స్పీకర్లు. పెద్ద అడవిలో ఎల్క్‌కు లోయ అవతలికి పోయే దారి ఉంది. మన కౌజుకు గోడ అవతల ఫ్యాక్టరీ, ఇవతల హాస్టల్. జేసీబీని ఆపడం నా చేతిలో లేదు. నా వేలు ప్లే బటన్ మీద ఉంది, దాన్ని తీయడం నా చేతిలో ఉంది.

కాబట్టి క్లబ్ ముందు నా ప్రతిపాదనలు ఇవి. మార్చి నుంచి సెప్టెంబర్ దాకా ఏ పక్షికీ ఎక్కడా రికార్డు వినిపించొద్దు. మిగతా నెలల్లో కూడా పోటీ కోసం, ఫొటో కోసం వద్దు. ఫెస్ట్ పోటీ రూల్స్‌లో 'రికార్డు వాడి తీసిన ఫొటో చెల్లదు' అని ఒక లైన్ చేర్చాలి. గూడు ఫొటోలకు మార్కులు ఉండకూడదు. పక్షి పలకకపోతే పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, అప్పటికీ లేకపోతే లేచి పోవాలి. చివరిది, క్లబ్ పేజీలో పైన పిన్ చేసిన నా ఫొటో తీసేయాలి. తీసేయడం కుదరదంటే, దాని కింద అది ఎలా తీశామో మొత్తం రాయాలి. ప్రైజ్ షీల్డ్ నేను క్లబ్ రూమ్‌లో ఇచ్చేశాను.

పలకకపోవడాన్ని మనం ఎప్పుడూ ఒక సమస్యగానే చూస్తాం. కాల్ ఎత్తకపోతే మళ్లీ కొడతాం, మెసేజ్‌కు రిప్లై రాకపోతే క్వశ్చన్ మార్క్ పెడతాం. పలకడం ఎదుటివాడి బాధ్యత అనుకుంటాం. ఎల్క్ వేటగాళ్ల నుంచి, మా తాత నుంచి నేను నేర్చుకున్నది ఏంటంటే, ఊరుకోవడం కూడా ఒక జవాబే. దాన్ని జవాబుగా వినడం వచ్చినవాడే ఒకప్పుడు మంచి వేటగాడు. ఇప్పుడు వేట లేదు. ఆ వినడం మాత్రం మనకు కావాలి.

ఈ ఏడు ఏప్రిల్‌లో మళ్లీ అదే జాగాకు పోయాను. ఈసారి ఇద్దరమే, స్పీకర్ లేదు. వెంచర్ రాళ్లు ఇంకో నలభై గజాలు ముందుకు జరిగాయి. ఆరూ పదికి తుమ్మల వెనక నుంచి ఒక్కసారి కూసింది. పోయినేడుదో, కొత్తదో చెప్పలేను. ఇరవై నిమిషాలు కూర్చున్నాం. మళ్లీ కూయలేదు, కనిపించలేదు. ఈబర్డ్‌లో పక్షిని చూడకపోయినా, అరుపు విని గుర్తుపడితే చాలు, లెక్కలో వేయొచ్చు. నోట్‌లో ఇలా రాసి వచ్చేశాం: గ్రే ఫ్రాంకోలిన్, ఒకటి, వినిపించింది.